ఇచ్ఛాపురంలో ఒక గుర్తు, బరంపురంలో మరొకటి

ఆంధ్రప్రదేశ్ ఉత్తరపు కొసన ఉన్న ఇచ్ఛాపురానికీ, ఒడిశాలోని గంజాం జిల్లా బరంపురానికీ మధ్య దూరం సుమారు పాతిక కిలోమీటర్లు. రెండు ఊళ్ల తెలుగువాళ్ల మధ్య పిల్లనిచ్చి పుచ్చుకోవడాలు తరతరాలుగా సాగుతూనే ఉన్నాయి. అయినా ఎన్నికలు వచ్చేసరికి ఒకే ఇంటిపేరున్న అన్నదమ్ముల పిల్లలు వేరు వేరు గుర్తులకు ఓటు వేస్తారు. ఇచ్ఛాపురం అసెంబ్లీ స్థానాన్ని 1983 నుంచి 2024 వరకు, ఒక్క 2004లో తప్ప, తెలుగుదేశమే గెలుచుకుంది. అవే దశాబ్దాల్లో బరంపురం వైపు పోటీ కాంగ్రెసు, జనతాదళ్, తరువాత బిజూ జనతాదళ్, భారతీయ జనతా పార్టీల మధ్య నడిచింది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక ప్రావిన్సుగా ఏర్పడినప్పుడు గంజాంలో ఎక్కువ భాగం, జయపురం జమీందారీ, పర్లాకిమిడి ఎస్టేటులో కొంత మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి విడిపోయి అటు చేరాయి. భాష, కులం, బంధుత్వం అలాగే ఉండి పాలన ఒక్కటే మారిన ఇలాంటి చోటు, మనిషి ఒక పార్టీని తనదని ఎందుకు అనుకుంటాడో తెలుసుకోదలచిన వారికి చాలా విలువైనది.

ఓటరు అన్ని పార్టీల హామీలూ చదివి, తనకు మేలు చేసేదేదో లెక్క వేసి ఎంచుకుంటాడని పైకి అనిపిస్తుంది. ఆంథొనీ డౌన్స్ అనే అర్థశాస్త్రవేత్త 1957లోనే ఈ ఊహలోని చిక్కును చూపించాడు. లక్షల ఓట్లలో తన ఒక్క ఓటు ఫలితాన్ని మార్చే అవకాశం దాదాపు లేనప్పుడు, ప్రతి పార్టీ విధానాన్నీ క్షుణ్ణంగా చదవడానికి పట్టే సమయమూ శ్రమా సామాన్యుడికి గిట్టుబాటు కావు. అందుచేత అతను దగ్గరి దారి వెతుక్కుంటాడు, ఆ దారే పార్టీ పేరు. మన దేశంలో పార్టీ పేరుకన్నా గుర్తే ముందు నడుస్తుంది. ఒడియా లిపి చదవలేని తెలుగు వృద్ధురాలికి యంత్రం మీది శంఖమో, చెయ్యో, పువ్వో అభ్యర్థి పేరుకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ సమాచారం ఇస్తుంది.

అయితే చాలా గుర్తుల్లో ఒక్కటే ఎందుకు మనదవుతుంది? దీనిని మొదటిసారి పద్ధతిగా పరిశీలించిన వాళ్లలో ముఖ్యుడు పాల్ లాజర్స్‌ఫెల్డ్. 1940లో అమెరికా అధ్యక్ష ఎన్నికల వేళ ఆయన బృందం ఒహాయో రాష్ట్రంలోని ఈరీ కౌంటీలో సుమారు 600 మందిని ఎంచుకుని, మే నుంచి నవంబరు వరకు పదేపదే కలిసి ప్రశ్నించింది. ప్రచారం మనసులను ఎలా మారుస్తుందో చూడాలన్నది వాళ్ల ఉద్దేశం. తేలింది వేరు: ఒక పార్టీని విడిచి మరో పార్టీకి మారినవారు పదిమందిలో ఒకరు కూడా లేరు. సగానికి సగం మంది మే నెలలో అనుకున్నదే నవంబరులోనూ చేశారు. మతం, ఆర్థిక స్థితి, పల్లెలో ఉంటున్నారా పట్టణంలో ఉంటున్నారా అన్న మూడు సంగతులు తెలిస్తే ఓటు ఎటు పడుతుందో చాలావరకు ముందే చెప్పగలిగారు. పత్రికలూ రేడియో చెప్పింది నేరుగా జనం తలకెక్కలేదు. వీధిలోనూ పనిచోటా నలుగురు మాట వినే మనిషి ఒకరుంటారు, ఆయన నోటి మీదుగానే అది మిగతావారికి చేరింది.

బరంపురం పట్టుచీరలు నేసే వీధులు తెలిసినవారికి ఇది కొత్తగా అనిపించదు. ఆ నేతపని చేసే తెలుగు కుటుంబాలు రెండేళ్లకోసారి వచ్చే ఠాకురాణి యాత్రను కలిసి నడుపుతాయి, పని దగ్గరా పండుగ దగ్గరా ఒకరి మాట ఒకరు వింటాయి. అలాంటి చోట రాజకీయాభిప్రాయం ఒక్కొక్క తలలో విడివిడిగా పుట్టడం అరుదు.

ఈరీ అధ్యయనంలో మన సరిహద్దుకు బాగా వర్తించే మరో సంగతి ఉంది. మతం ఒక పార్టీ వైపూ, ఆర్థిక స్థితి మరో పార్టీ వైపూ లాగినవారు చివరివరకూ తేల్చుకోలేదు, ఎన్నికల మీద ఆసక్తి కూడా తగ్గించుకున్నారు. ఇంట్లో తెలుగు చానళ్లు చూస్తూ, బయట ఒడియాలో వ్యాపారం చేసుకుంటూ, మేనమామ అభిమానం ఒక రాష్ట్రపు పార్టీ మీద, తన రేషను కార్డు మరో రాష్ట్రపు ప్రభుత్వం చేతిలో ఉన్న మనిషి మీద కూడా ఇలాంటి రెండు లాగుళ్లు పనిచేస్తాయి.

వీధికన్నా ముందు ఇల్లుంది. 1960లో మిషిగన్ విశ్వవిద్యాలయానికి చెందిన ఆంగస్ క్యాంప్‌బెల్, ఫిలిప్ కన్వర్స్, వారెన్ మిల్లర్, డొనాల్డ్ స్టోక్స్ పార్టీ అభిమానం చిన్నతనంలో ఇంట్లోనే నాటుకుంటుందని, విధానాల మీద అభిప్రాయాలు తరువాత దాని చుట్టూ అల్లుకుంటాయని వాదించారు. కెంట్ జెన్నింగ్స్, రిచర్డ్ నీమీ 1965లో హైస్కూలు చివరి తరగతి పిల్లలనూ వాళ్ల తల్లిదండ్రులనూ విడివిడిగా ప్రశ్నించినప్పుడు విధానాల విషయంలో పోలిక బలహీనంగా, పార్టీ విషయంలో గట్టిగా కనిపించింది. అంటే పిల్లలకు అందేది వాదన కన్నా ఎక్కువగా పేరే. బరంపురం తెలుగు ఇళ్లలో పెద్దవాళ్ల నోట వినవచ్చే మాటలు గుర్తు చేసుకోండి. "మనింట్లో మీ తాత కాలం నించీ చెయ్యి గుర్తేనే అమ్మీ. నిలబడినోడు ఎవడైతే మనకేటి?" అంటుంది నానమ్మ. "అది కాదు నానమ్మా, ఆయన ఏటి చేస్తానన్నాడో చూడొద్దా?" అని కాలేజీలో చదివే మనవరాలు అడిగినా, మొదటిసారి ఓటు వేసేనాడు ఆమె వేలు కూడా చాలాసార్లు నానమ్మ చెప్పిన బొత్తాం దగ్గరికే వెళుతుంది.

ఇది రక్తంలో వచ్చిన గుణమని కొందరంటారు. జాన్ ఆల్ఫర్డ్, కరొలిన్ ఫంక్, జాన్ హిబ్బింగ్ 2005లో కవలల సమాచారాన్ని పరిశీలించి, పన్నులు, మరణశిక్ష వంటి విషయాల మీద వైఖరిలో జన్యువుల పాలు గణనీయంగా ఉందని చెప్పారు. ఏ పార్టీ అనే విషయంలో మాత్రం ఆ పాలు స్వల్పం, పెంపకానిదే పెద్ద పాత్ర. మనిషి స్వభావం పుట్టుకతో కొంత రావచ్చు గానీ గుర్తు పుట్టుకతో రాదని ఈ ఫలితం నుంచి నేను తీసుకునే అర్థం.

సుమారు పద్దెనిమిది నుంచి పాతికేళ్ల వయసులో తగిలిన రాజకీయానుభవం చాలాకాలం నిలుస్తుందని కూడా పరిశోధకులు గమనించారు. ఎన్.టి.రామారావు 1982 మార్చిలో పార్టీ పెట్టి 1983 జనవరిలో అధికారానికి వచ్చినప్పుడు ఇచ్ఛాపురంలో ఇరవై ఒక్క ఏళ్ల యువకుడికి ఆ అనుభవం తొలి ఓటుతో ముడిపడింది. బరంపురంలో ఉన్న అదే వయసు బావమరిది ఆ సినిమాలన్నీ చూశాడు, ఆ ప్రసంగాలూ విన్నాడు, కానీ ఆ గుర్తుకు ఓటు వేసే వీలు అతనికి లేదు. అతని యౌవనంలో గాలి మారింది 1990లో, బిజూ పట్నాయక్ నాయకత్వాన జనతాదళ్ ఒడిశా అసెంబ్లీలోని 147 స్థానాల్లో 123 గెలిచినప్పుడు.

మరి ఒడిశాలోని తెలుగువాళ్లు భాష పేరుతో ఎందుకు ఒక్కటి కాలేదు? ఈ ప్రశ్నకు నేను చదివినంతలో అన్నిటికన్నా మంచి సమాధానం ఆఫ్రికా నుంచి వచ్చింది. జాంబియా, మలావి దేశాల సరిహద్దును బ్రిటిషువాళ్లు పాలనా సౌకర్యం కోసం గీశారు, ఆ గీత చేవా, టుంబూకా అనే రెండు తెగలను రెండేసి ముక్కలు చేసింది. డేనియల్ పోస్నర్ ఆ గీతకు అటూ ఇటూ ఉన్న గ్రామాల్లో తిరిగి 2004లో ఫలితాలు ప్రచురించాడు. రెండు వైపులా భాషలో, ఆచారాల్లో, నృత్యాల్లో ఈ రెండు తెగల మధ్య ఉన్న తేడాలు ఒకేలా ఉన్నాయి. కానీ మలావి వైపు వాళ్లు ఒకరినొకరు ప్రత్యర్థులుగా చూసుకుంటూ, అవతలి తెగ అభ్యర్థికి ఓటు వేయడానికీ, సంబంధం కలుపుకోవడానికీ వెనుకాడుతున్నారు. జాంబియా వైపు అదే రెండు తెగలవాళ్లు తూర్పు ప్రాంతపు తోటివాళ్లుగా కలిసి మెలిసి ఉన్నారు. చిన్న దేశమైన మలావిలో ఒక్కో తెగ పార్టీని నిలబెట్టగలిగినంత పెద్దది, జాంబియాలో ఆ రెండూ ఒంటరిగా లెక్కలోకి రానంత చిన్నవి. తేడా ఉన్నంత మాత్రాన అది రాజకీయమైపోదు, దానితో అధికారం దాకా వెళ్లగలిగే సంఖ్య ఉన్నచోటే అవుతుంది.

2011 జనాభా లెక్కల ప్రకారం ఒడిశాలో తెలుగు మాతృభాషగా చెప్పుకున్నవారు రెండు శాతానికి లోపే. గంజాం, గజపతి, రాయగడ, కొరాపుట్ జిల్లాల్లో గుంపుగా ఉన్నా, భువనేశ్వర్‌లో ప్రభుత్వం నిలబెట్టడానికి ఆ సంఖ్య చాలదు. అందువల్ల అక్కడి తెలుగు ఓటరు ఏదో ఒక పెద్ద పార్టీలో తన వాటా వెతుక్కుంటాడు. 1996లో పి.వి.నరసింహారావు బరంపురం నుంచి లోక్‌సభకు గెలిచి, నంద్యాలలో కూడా గెలిచినప్పటికీ బరంపురాన్నే ఉంచుకున్నారు. దీన్ని తెలుగువాడి మీద తెలుగువాళ్ల మమకారంగా చెప్పుకోవడం మనకు ఇష్టం. ఆ మమకారం కొంత ఉండే ఉంటుంది. కానీ 1989లో ఒడిశాలో ఎక్కువ స్థానాలు జనతాదళ్ ఊడ్చేసినప్పుడు కూడా బరంపురం కాంగ్రెసుతోనే ఉంది. 1998లో అదే పార్టీ తరఫున జయంతీ పట్నాయక్ గెలిచారు. అభ్యర్థి భాష మారినా గుర్తు నిలిచింది కాబట్టి, పాత అలవాటుదే పెద్ద వాటా అని నమ్ముతున్నాను. 1999లో మాత్రం ఆ అలవాటు తెగి, బిజూ జనతాదళ్‌తో పొత్తులో ఉన్న భారతీయ జనతా పార్టీకి ఆ స్థానం దక్కింది.

ఒకసారి నాటుకున్న అభిమానం కళ్లకు రంగుటద్దాల వలె పనిచేస్తుంది. జెఫ్రీ కోహెన్ 2003లో ప్రచురించిన ప్రయోగాల్లో విద్యార్థులకు ఒక సంక్షేమ పథకం వివరాలు ఇచ్చి, దాన్ని ఫలానా పార్టీ సమర్థిస్తోందని చెప్పాడు. తమ పార్టీ సమర్థిస్తోందంటే తమ నమ్మకాలకు విరుద్ధమైన పథకాన్ని కూడా వాళ్లు మెచ్చుకున్నారు. పైగా పార్టీ పేరు తమను ప్రభావితం చేయలేదని, పథకంలోని అంశాలు చూసే నిర్ణయించుకున్నామని గట్టిగా చెప్పారు.

ఇంతమాత్రాన ఓటరు గుడ్డివాడని అనడం ఘోరమైన అన్యాయం. మన దేశపు వర్షపాతాన్నీ రాష్ట్ర ఎన్నికల ఫలితాలనూ కలిపి చూసిన షాన్ కోల్, ఆండ్రూ హీలీ, ఎరిక్ వెర్కర్ 2012లో చెప్పినదేమంటే, వానలు చెడితే ఓటర్లు అధికార పార్టీని శిక్షిస్తారు గానీ, ప్రభుత్వం సహాయ చర్యలు గట్టిగా చేపట్టినచోట ఆ శిక్ష తగ్గుతుంది. 1999 అక్టోబరు 29 నాటి పెనుతుపానులో ఒడిశాలో సుమారు పదివేల మంది చనిపోగా, నాటి కాంగ్రెసు ప్రభుత్వం 2000 ఎన్నికల్లో ఓడిపోయింది. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గంజాం జిల్లా గోపాలపురం దగ్గర తీరం దాటకముందే లక్షలమందిని సురక్షిత ప్రాంతాలకు తరలించడంతో ప్రాణనష్టం చాలా పరిమితమైంది. మరుసటేడు బిజూ జనతాదళ్ 147లో 117 స్థానాలు గెలిచింది. తుపాను ఒక్కటే కారణం కాదు, 2013 నుంచి రూపాయికి కిలో బియ్యం కూడా ఇళ్లకు చేరసాగింది. 2019లో ఒకే రోజు, ఒకే బూతులో రెండు యంత్రాల మీద ఓటు వేసిన ఒడిశా ఓటర్లు భారతీయ జనతా పార్టీకి లోక్‌సభకు దాదాపు 38 శాతం, అసెంబ్లీకి 32 శాతం ఓట్లిచ్చారు. ఢిల్లీకి ఎవరు, భువనేశ్వర్‌కు ఎవరు అని వేరుచేసి ఆలోచించినవారు లక్షల్లో ఉన్నారన్నమాట. 2024లో ఇరవై నాలుగేళ్ల బిజూ జనతాదళ్ పాలన ముగిసి, 78 స్థానాలతో భారతీయ జనతా పార్టీ అధికారంలోకి వచ్చింది.

వీటన్నిటినీ ఒక్కచోట పరీక్షించగలిగే ప్రదేశం కొరాపుట్ జిల్లా పొట్టంగి పక్కనున్న కోటియా. రెండు రాష్ట్రాలూ తమవంటున్న ఆ కొండ గ్రామాల్లో రెండు వైపుల ఓటరు కార్డులూ, రేషను కార్డులూ ఉన్న కుటుంబాలు ఎన్నో. 2021 ఫిబ్రవరిలో ఆంధ్ర అధికారులు అక్కడ పంచాయతీ ఎన్నికలు జరిపితే ఒడిశా ప్రభుత్వం సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2024 మే 13న కొరాపుట్, అరకు లోక్‌సభ స్థానాలు రెండింటికీ ఒకే రోజు పోలింగు జరగగా, కొరాపుట్‌లో కాంగ్రెసు, అరకులో వైఎస్సార్ కాంగ్రెస్ గెలిచాయి. తాతల నాటి పార్టీ, ఊరి పెద్ద మాట, రోడ్డు వేసిన ప్రభుత్వం, పింఛను ఇచ్చే ప్రభుత్వం, వీటిలో ఏది ఎంత బరువు తూగుతుందో ఆ ఇళ్లకు వెళ్లి, గిరిజనులైన కోదుల భాషలోనూ తెలుగులోనూ ఒడియాలోనూ ఓపికగా అడిగే సర్వే ఒకటి జరగాలి. కేవలం గెలుపోటములు లెక్కించే సర్వేలు ఆ పనికి చాలవు, ఈరీ కౌంటీలో చేసినట్టు అవే ఇళ్లకు నెలల తరబడి తిరిగి వెళ్లాలి.