ప్లాంట్‌హాపర్ల వర్గీకరణ: అపోహలు - వాస్తవాలు

వరిని పీల్చే సుడిదోమ వల్ల ప్లాంట్‌హాపర్ల గురించి అందరికీ ఎంతోకొంత తెలుసు గానీ, ఆ తెలిసినది చాలావరకు ఆ ఒక్క పురుగు దగ్గరే ఆగిపోతుంది. హెమిప్టెరా క్రమంలో ఫల్గోరోమార్ఫా అనే ఈ సమూహం కింద ఇప్పటివరకు వర్ణించిన జాతులు 12,000 పైచిలుకు. కుటుంబాలు సుమారు 20. కీటక వర్గీకరణ పనిలో తరచుగా వినవచ్చే కొన్ని అపోహలను ఇక్కడ పరిశీలిద్దాం.

అపోహ: సుడిదోమ, పచ్చ దీపపు పురుగు ఒకే రకానికి చెందినవి, రంగులోనే తేడా.

వాస్తవం: రెండూ ఎగిరి దూకుతాయి, రెండూ మొక్కల రసం పీలుస్తాయి, పోలిక దాదాపు అక్కడితో సరి. పచ్చ దీపపు పురుగు లీఫ్‌హాపర్లనే వేరే సమూహంలోది; దాని దగ్గరి బంధువులు ఇలకోళ్లే (సికాడాలు) తప్ప ప్లాంట్‌హాపర్లు కావు. చేతి భూతద్దంతో చూసినా తేడా తెలుస్తుంది. ప్లాంట్‌హాపర్ స్పర్శశృంగాలు తలకు ఇరుపక్కలా కళ్ల కింద ఉంటాయి, వాటి రెండో ఖండం ఉబ్బి ఉంటుంది. లీఫ్‌హాపర్‌లోనైతే అవి ముఖం మీద, రెండు కళ్ల మధ్య సన్నని వెంట్రుకల్లా కనిపిస్తాయి. ముందు రెక్క మొదట్లో టెగ్యులా అనే చిన్న పొలుసు ఉంటే అది సాధారణంగా ప్లాంట్‌హాపరే. ఇక వెనక కాలు చూడండి: లీఫ్‌హాపర్ టిబియా (కాలి పిక్క భాగం) పొడవునా ముళ్ల వరుసలుంటాయి; సుడిదోమ చేరిన డెల్ఫాసిడే కుటుంబంలో టిబియా చివర అటూ ఇటూ కదిలే పెద్ద ముల్లు ఒకటి ఉంటుంది. రంగును నమ్ముకునేవారు ఇక్కడే పొరబడతారు. ఈ తేడాకు పొలంలోనూ విలువ ఉంది: వరిలో టుంగ్రో వైరస్‌ను మోసేది పచ్చ దీపపు పురుగు, గ్రాసీ స్టంట్, రాగ్గెడ్ స్టంట్ వైరస్‌లను మోసేది సుడిదోమ.

అపోహ: పొట్టి రెక్కలవి ఒక జాతి, పొడవు రెక్కలవి మరో జాతి.

వాస్తవం: రెండూ ఒకే తల్లి పిల్లలు కావచ్చు. పురుగుల సాంద్రత పెరిగి, మొక్క వడలిపోతున్నప్పుడు పొడవు రెక్కలవి ఎక్కువగా తయారై వలసపోతాయి. ఆహారం సమృద్ధిగా ఉన్నచోట పొట్టి రెక్కల ఆడపురుగులు ఎగరలేకపోయినా ఎక్కువ గుడ్లు పెడతాయి.

అపోహ: లాంతరు పురుగులనే ప్లాంట్‌హాపర్ల తల చీకట్లో వెలుగుతుంది.

వాస్తవం: వెలగదు. సురినామ్ కీటకాలపై 1705లో ప్రచురించిన గ్రంథంలో కీటకాల చిత్రకారిణి మరియా సిబిల్లా మెరియన్ ఈ మాట రాయగా, జీవులకు శాస్త్రీయ నామాలు పెట్టిన లిన్నేయస్ ఆ జాతికి లాంతరును గుర్తుచేసేలా లాటెర్నారియా అని పేరు పెట్టడంతో అది శాస్త్రీయ నామంలోనే స్థిరపడిపోయింది. వేరుశనగ కాయలా ఉబ్బిన ఆ తల లోపల బోలుగా ఉంటుంది, కాంతినిచ్చే అవయవమేదీ అందులో లేదు.

అపోహ: ప్లాంట్‌హాపర్లన్నీ పైరును పాడుచేసే చీడలే.

వాస్తవం: చీడలుగా లెక్కకు వచ్చేవి బహు కొద్ది. డెర్బిడే కుటుంబపు పిల్లపురుగులు కుళ్లిన మానుల కింద శిలీంధ్రాలను తిని పెరుగుతాయి. ఫ్లాటిడే కుటుంబపు పిల్లలు ఒంటి వెనక తెల్లటి మైనపు కుచ్చులు మోసుకు తిరుగుతాయి. హవాయి లావా గుహల్లో ఉండే ఒలియారస్ పాలీఫెమస్‌కు కళ్లు లేవు, ఒంటికి రంగూ లేదు. గుహలోకి దిగిన చెట్ల వేళ్లే దాని ఆహారం. ఇస్సస్ అనే ప్రజాతి పిల్లపురుగు వెనక కాళ్ల మొదట్లో, గడియారంలో మాదిరిగా, ఒకదానితో ఒకటి అల్లుకునే పళ్లచక్రాలున్నాయని 2013లో తేలింది. చివరి కుబుసంతో పాటే అవి ఊడిపోతాయి. ఇంత వైవిధ్యాన్ని ‘చీడపురుగులు’ అన్న ఒక్క ముద్రతో సరిపెట్టడం నాకు అన్యాయంగానే తోస్తుంది.

అపోహ: మంచి ఫొటో ఉంటే జాతి చెప్పేయవచ్చు.

వాస్తవం: ఒంటి మీద స్పష్టమైన గుర్తులున్న కొన్నింటి విషయంలో నిజమే. డెల్ఫాసిడే వంటి చిన్న పురుగుల్లో మాత్రం మగపురుగు ఉదరపు కొసను క్షార ద్రావణంలో మెత్తబరిచి, గ్లిసరిన్‌లో ఉంచి, జననాంగాల ఆకారాన్ని సూక్ష్మదర్శినిలో చూడాలి. ఆడపురుగో పిల్లపురుగో మాత్రమే దొరికితే చాలాసార్లు ప్రజాతి దగ్గరే ఆగవలసి వస్తుంది. కొన్నిసార్లు జననాంగాలు చూసినా చాలదు. ప్లాంట్‌హాపర్లు కాండం గుండా పంపుకునే కంపనాలతో జతను వెతుక్కుంటాయి. వరిపై బతికే సుడిదోమలకూ, లీర్సియా గడ్డిపై బతికే సుడిదోమలకూ చూపులకు తేడా కనబడకపోయినా వాటి కంపనాల లయ వేరు, అందువల్ల ఒకదాని పిలుపుకు మరొకటి సరిగా స్పందించదు.