గట్టిగా ఉంటే బాగున్నట్టేనా? పాత బండి వెనక షాకులపై అపోహలు - వాస్తవాలు

బెంగళూరులో మా గ్యారేజీకి వచ్చే పాత స్ప్లెండర్లు, పల్సర్లలో చాలావాటికి వెనక షాకులు (షాక్ అబ్జార్బర్లు) ఎప్పుడో పోయి ఉంటాయి. నడిపేవాళ్లకు మాత్రం ఆ సంగతే తెలియదు. ఒక్కరోజులో పోయేది కాదు కాబట్టి ఒళ్లు అలవాటు పడిపోతుంది. వెనక భార్యను, మధ్యలో పిల్లాణ్ని, ట్యాంకు మీద సంచిని పెట్టుకుని ముళబాగిలు మీదుగా చిత్తూరు వెళ్లొచ్చాక గానీ ‘అన్నా, బండి వెనక ఊగుతోంది’ అని రారు. వచ్చినవాళ్లు చెప్పే మాటల్లో తరచూ వినిపించేవి ఇవి.

అపోహ: ఆయిల్ కారలేదు, కాబట్టి షాకులు బాగున్నాయి.

వాస్తవం: షాకులో రెండు పనులు జరుగుతాయి. బరువు మోసేది స్ప్రింగు. ఆ స్ప్రింగు ఎగిరెగిరి పడకుండా ఆపేది లోపలి డాంపర్, అంటే ఆయిల్లో సన్నని రంధ్రాల గుండా కదిలే పిస్టన్. స్ప్రింగు ఏళ్ల తరబడి మోస్తుంది. ముందుగా చచ్చేది డాంపరే. లోపల వాల్వు అరిగినా, ఆయిల్ పలచబడినా బయటికి చుక్క కూడా కనబడదు. స్ప్రింగు బాగానే ఉంది కాబట్టి చేత్తో నొక్కితే గట్టిగానే తగులుతుంది, మనం మోసపోయేది అక్కడే.

సీటు వెనక భాగాన్ని బలంగా కిందికి నొక్కి వదలండి. ఒకసారి పైకొచ్చి నిలబడితే సరే. రెండు మూడుసార్లు ఊగిందంటే డాంపర్ పని అయిపోయినట్టే. ఇంకా అనుమానంగా ఉంటే షాకు విప్పి, నేల మీద నిలబెట్టి, ఒంటి బరువంతా వేసి నొక్కండి. వదిలితే మెల్లగా లేవాలి. టపీమని లేస్తే అందులో మిగిలింది స్ప్రింగు ఒక్కటే. టైరు కూడా చూడండి, అక్కడక్కడా గుంటలు పడ్డట్టు అరిగి ఉంటే చక్రం నేల మీద ఎగురుతోందేమో అనుమానించాలి. ఎగిరే చక్రానికి బ్రేకు కూడా సరిగా పట్టదు.

అపోహ: ఒక నాచ్ (రింగు మీది మెట్టు) టైట్ చేస్తే షాకు మళ్లీ గట్టిపడుతుంది.

వాస్తవం: ఇది వినని వారం ఉండదు. కింద మెట్లుమెట్లుగా ఉండే రింగును హుక్ స్పానర్‌తో తిప్పితే స్ప్రింగు గట్టిపడదు. ఒక స్ప్రింగు సెంటీమీటరు దిగడానికి 20 కిలోల బరువు కావాలనుకుందాం. రింగును అర సెంటీమీటరు పైకి తిప్పితే మొదట్లోనే 10 కిలోల ఒత్తిడి ఎక్కుతుంది, అంతే. ఆ తర్వాత దిగే ప్రతి సెంటీమీటరుకూ అదే 20 కిలోలు. అంటే బండి వెనక భాగం కాస్త పైకి లేస్తుంది, అంతకుమించి ఏమీ మారదు. చచ్చిన డాంపర్ దీనివల్ల బతకదు.

పైగా ఒంటరిగా తిరిగేవాళ్లు పై నాచ్‌లో పెట్టుకుంటే ఇంకో తంటా. మనం కూర్చున్నప్పుడు వెనక భాగం కొంచెం దిగాలి. ఆ దిగినంత మేరే, గుంత వచ్చినప్పుడు చక్రం కిందికి చాచుకోగలదు. దిగనే దిగకపోతే గుంతలో చక్రానికి నేల అందదు, మన నడుముకి దెబ్బ తగులుతుంది. మన రోడ్ల మీద గుంతలకేం తక్కువ లేదు కదా! ఇద్దరు ఎక్కే రోజున పైకి తిప్పుకోండి, దిగాక మళ్లీ కిందికి.

అపోహ: ఆయిల్ పోసి రీకండిషన్ చేస్తే కొత్తదానితో సమానం.

వాస్తవం: ఆయిల్ తనంతట తాను అయిపోదు. సీలు చిరిగితే, పిస్టన్ రాడ్డు మీద తుప్పు చుక్కలు పడితే బయటికి వస్తుంది. ఆ రాడ్డునే ఉంచి కొత్త సీలు వేస్తే, ఆ చుక్కలే దాన్నీ కోస్తాయి. మామూలు బండ్ల షాకులు చాలావరకు విప్పడానికి వీల్లేకుండా మూసేసి వస్తాయి. వాటిని కోసి, ఏదో ఇంజిన్ ఆయిల్ పోసి, మళ్లీ మూసి ఇస్తారు. నాలుగు హంపులు దాటేసరికి అది నురగ కడుతుంది. నైట్రోజన్ గ్యాసు నింపిన షాకుల జోలికైతే అసలే వెళ్లొద్దు. లోపల ఒత్తిడి ఉంటుంది, వేడి చేసినా కోసినా ప్రమాదం. పార్టులే దొరకని పాత యెజ్డీ, రాజ్‌దూత్ లాంటివి వేరే కథ. వాటికి రాడ్డు క్రోమ్ చేయించి, సరైన ఆయిల్‌తో కట్టే పనివాడు దొరికితే చేయించుకోవచ్చు.

అపోహ: ఒకటే పోయింది, ఒకటే మార్చితే చాలు.

వాస్తవం: చాలదు. ఒక పక్క ఆపుతుంది, ఇంకో పక్క ఆపదు, మధ్యలో వెనక చక్రాన్ని పట్టుకునే స్వింగ్ ఆర్మ్ మెలిపడుతుంది. జత మార్చాల్సిందే.

అపోహ: కొంచెం పొడవైనది వేస్తే లుక్కూ వస్తుంది, కంఫర్టూ వస్తుంది.

వాస్తవం: వెనక లేస్తే ముందు ఫోర్కు నిటారుగా అవుతుంది, స్పీడులో హ్యాండిల్ నిలకడ తప్పుతుంది. సైడ్ స్టాండ్ వేస్తే బండి మరీ ఒరుగుతుంది. వెనక ఒకే షాకు ఉండే మోనోషాక్ బండ్లలో షాకు సెంటీమీటరు పెరిగితే చక్రం దగ్గర దాదాపు రెండింతలో ఇంకా ఎక్కువో అవుతుంది. స్పేర్ పార్టుల కోసం జె.సి. రోడ్డుకు వెళ్లేముందు పాతదాని పైకన్ను (బోల్టు దూరే రంధ్రం) మధ్య నుంచి కిందికన్ను మధ్య దాకా కొలిచి రాసుకోండి, కన్నులో ఉండే బుష్ (గొట్టం లాంటి ముక్క) రంధ్రం సైజు కూడా. గాబ్రియేల్, ఎండ్యూరెన్స్ లాంటి కంపెనీలవి మీ మోడల్‌కే అడగండి. పక్కన రంగురంగుల గ్యాసు డబ్బా ఉన్న చవకరకం సెట్లలో ఆ డబ్బా కొన్నిసార్లు ఖాళీదే.

అపోహ: నాలుగు బోల్టులేగా, ఇంట్లోనే ఐదు నిమిషాల పని.

వాస్తవం: రెండు షాకుల బండి అయితే ఇంట్లో చేసుకోవచ్చు. సెంటర్ స్టాండ్ వేసి ఒకవైపు పూర్తిగా బిగించాకే రెండోది విప్పండి. రెండూ ఒకేసారి తీస్తే చక్రం జారి రంధ్రాలు కలవవు. మోనోషాక్‌తో మాత్రం జాగ్రత్త. ప్యాడాక్ స్టాండ్ స్వింగ్ ఆర్మ్‌నే పట్టి లేపుతుంది కాబట్టి షాకు తీయగానే బండి కూలబడుతుంది. ఫ్రేమ్‌కి ఆసరా పెట్టాలి. పనిలో పనిగా చక్రాన్ని పట్టుకుని పక్కలకు ఊపి చూడండి. స్వింగ్ ఆర్మ్ లూజుగా ఆడితే దాని బుష్‌లు పోయినట్టు, కొత్త షాకులు వేసినా ఆ ఊపు పోదు. నట్లు మాన్యువల్లో ఉన్న టార్క్‌కే (బిగింపు కొలతకే) బిగించి, వారం తిరిగాక మరోసారి చూసుకోండి. హెడ్‌లైట్ కూడా సరిచేయించండి. పాత షాకులతో దిగిపోయిన బండికి తగ్గట్టు సెట్ చేసుకున్న లైటు, వెనక లేచాక మరీ దగ్గర్లో పడుతుంది.