‘అల్’ తీసేస్తే కెమిస్ట్రీ

ఆల్కెమీ అన్న మాట ముందున్న ‘అల్’ను తీసేసి చూడండి. మిగిలింది కెమీ, అంటే కెమిస్ట్రీలో మొదటి సగం. ఇనుమునో సీసాన్నో బంగారం చేస్తామన్న పాత విద్యకూ, టెన్త్ క్లాసులో మనం చదువుకున్న సబ్జెక్టుకూ పేరులో తేడా ఆ ఒక్క ముక్కే.

‘అల్’ అరబ్బీ మాట. ఇంగ్లీషులో ‘ది’ ఎలాగో అరబ్బీలో అదలాగ. అరబ్బీ పుస్తకాలను లాటిన్‌లోకి తెచ్చిన పండితులు చాలాసార్లు దాన్ని మాటతోపాటే ఎత్తుకుపోయారు. ఆల్కహాల్, ఆల్జీబ్రా, ఆల్కలీ అన్నీ అలా వెళ్లినవే. ‘ది ఆల్కెమిస్ట్’ అన్నప్పుడల్లా ‘ది’ రెండుసార్లు పడుతుంది. మనం ‘నడిసెంటర్లో’ అనడం లేదా, అలాగే.

అరబ్బీలో ‘కీమియా’ అంటే మొదట్లో శాస్త్రం కాదు, ఒక పదార్థం. తక్కువరకం లోహాన్ని బంగారంగా మార్చే మందు. తెలుగులో దానికి చక్కని మాట ఉంది, పరుసవేది. ఆ పదార్థాన్ని తయారుచేసే పనిని ‘కీమియా విద్య’ అనేవారు. పోనుపోను ‘విద్య’ రాలిపోయి, పదార్థం పేరే విద్యకు పేరైంది. చెస్టర్‌కు చెందిన రాబర్ట్ అనే ఆయన 1144లో ఒక అరబ్బీ రసవాద గ్రంథాన్ని లాటిన్‌లోకి అనువదించాడు. ఆల్కెమీ అంటే ఏమిటో మీ లాటిన్ ప్రపంచానికి ఇంకా తెలియదు కనుక ఈ పని పెట్టుకున్నానని దాని ముందుమాట చెబుతుంది. అక్కడ కూడా ఆల్కెమీ అంటే పదార్థమే.

మరి అరబ్బులకు ఈ మాట ఎక్కడిది? గ్రీకు నుంచి వచ్చింది. అంతవరకూ పెద్దగా పేచీ లేదు. గ్రీకులోకి ఎలా వచ్చిందన్న దగ్గరే చిక్కు.

ఒక కథ ఈజిప్టుది. ఏటా నైలు వరద తెచ్చిపోసే ఒండ్రుతో నల్లబడిన తమ నేలను ఈజిప్టువాళ్లు ‘నల్లనేల’ అని పిలుచుకున్నారు. ఆ పేరును మనం ఇప్పుడు ‘కెమెట్’ అని పలుకుతున్నాం. చుట్టూ ఉన్న ఎడారి వాళ్లకు ఎర్రనేల. నేల నలుపు వల్లే ఆ దేశాన్ని ‘ఖేమియా’ అంటారని గ్రీకు రచయిత ప్లూటార్క్ కూడా రాశాడు. కాబట్టి ఆల్కెమీ అంటే నల్లనేలవాళ్ల విద్య అన్నమాట. వినడానికి ఎంతో బాగుంది. కానీ ప్లూటార్క్ ఆ చోట ఈ విద్య ఊసే ఎత్తలేదు.

రెండో కథలో ఇంత అందం లేదు. గ్రీకులో ‘ఖేయో’ అంటే పోయడం. కరిగించిన లోహాన్ని అచ్చులో పోసే పని నుంచి ‘ఖుమేయా’ అన్న మాట పుట్టిందంటారు. దానికి దగ్గరి చుట్టం ‘ఖుమోస్’, అంటే రసం. ఏది నిజమో తేల్చడానికి పాత రాతప్రతులు చూద్దామంటే, వాటిలో ఈ మాట స్పెల్లింగ్ మూడు నాలుగు రకాలుగా ఉంది. కారణం, ఆ ప్రతులు రాసేనాటికి గ్రీకులో ఆ మాటలోని అచ్చు అక్షరాలు ఇంచుమించు ఒకేలా పలికేవి. మనవాళ్లు శ, ష తారుమారు చేసినట్టు రాయసగాళ్లు చెవికి ఎలా తోస్తే అలా రాశారు. నా మొగ్గు పోతపోసేవాళ్ల వైపే. ఈజిప్టులో దొరికిన, సుమారు 3వ శతాబ్దం నాటి రెండు పపైరస్ ప్రతులు ఇప్పుడు లైడెన్, స్టాక్‌హోమ్ నగరాల్లో ఉన్నాయి. వాటిలో మంత్రాల కంటే లోహాలు కలపడం, రంగులద్దడం, నకిలీ రత్నాలు చేయడం లాంటి చేతిపనుల కిటుకులే ఎక్కువ.

‘అల్’ను మొదట పీకేసినవాళ్లలో జర్మనీవాడు అగ్రికోలా ముఖ్యుడు. గనుల ఊళ్లో వైద్యం చేసుకునే ఈయనకు శుద్ధ లాటిన్ అంటే పట్టింపు. 1530 ప్రాంతం నుంచి తన రచనల్లో ఆ అరబ్బీ ముక్క లేకుండా రాశాడు. అదంతా భాష మీద మోజే తప్ప, కొత్త శాస్త్రం పెట్టాలని కాదు. ఆ తర్వాత కూడా నూటయాభై ఏళ్లపాటు రెండు మాటలూ ఒకే అర్థంలో నడిచాయి. 18వ శతాబ్దం వచ్చాకే దారులు వేరయ్యాయి. 1722లో జెఫ్రాయ్ అనే రసాయనవేత్త, బంగారం చేస్తామనే మోసగాళ్ల ఎత్తులను పారిస్ అకాడమీలో బయటపెట్టాడు. వాటిలో అసలు అడుగు మీద దొంగ అడుగు పెట్టిన, లోహం కరిగించే మూసలున్నాయి, సగం బంగారంతో చేసి పైన రంగు పూసిన మేకులున్నాయి. అప్పటికి చెడ్డపేరంతా ‘అల్’ ఉన్న మాటకు, పరువంతా లేని మాటకు దక్కింది.

మిగతా భాషలు వేరే దారులు పట్టాయి. ఇరాన్‌లో కీమియాను పాత విద్యకు వదిలేసి, సైన్సుకు ఫ్రెంచి నుంచి ‘షీమీ’ తెచ్చుకున్నారు. ఉర్దూలో కెమిస్ట్రీ ఇప్పటికీ కీమియానే.

తెలుగులోనూ ఈ విడాకులు పూర్తి కాలేదు. రసం అంటే పాదరసం కూడా. దాన్ని శుద్ధిచేసి, లోహాన్ని బంగారంగా, ఒంటిని చావులేనిదిగా మార్చాలని చూసినవాళ్లు రసవాదులు. సిద్ధ నాగార్జునుడి పేరుతో శ్రీశైలం చుట్టూ అల్లుకున్న కథలు వాళ్లవే. రసాయనమంటే ఆయుర్వేదంలో ముసలితనాన్ని దూరంపెట్టే చికిత్స. ఆ మాటనే తెచ్చి, పక్కన ‘శాస్త్రం’ చేర్చి, టెక్స్ట్‌బుక్ అట్ట మీద వేసుకున్నాం.