ఫోన్ మోగగానే పేషెంట్ ఫైల్: డెంటల్ సాఫ్ట్‌వేర్‌లో కాలర్ ఐడీ, అపోహలు - వాస్తవాలు

ఫోన్ చేస్తున్నవారి నంబరును చూపే సేవే కాలర్ ఐడీ. లైన్‌కు కలిపిన చిన్న పరికరం ఆ నంబరును చదివి క్లినిక్ సాఫ్ట్‌వేర్‌కు ఇస్తే, అది పేషెంట్ ఫైల్‌ను వెతుకుతుంది.

అపోహ: నంబరు తెలిస్తే పేషెంట్ ఎవరో తెలిసినట్టే.

వాస్తవం: నాయనమ్మ కట్టుడు పళ్లకూ, మనవడి క్లిప్పులకూ, కోడలి రూట్ కెనాల్‌కూ మన ఇళ్లలో ఇచ్చేది ఒకరి నంబరే. సాఫ్ట్‌వేర్‌లోని పేషెంట్ టేబుల్లో (వివరాల పట్టికలో) ఒక్క ఫోన్ కాలమ్ పెట్టి, మొదట దొరికిన రికార్డును తెరిచేస్తే నాయనమ్మ అపాయింట్‌మెంట్ మనవడి పేరున పడుతుంది. నంబర్లకు వేరే టేబుల్ ఉండాలి. అందులో నంబరు, పేషెంట్ ఐడీ, ఫోన్ ఎవరిది, వాళ్లు పేషెంట్‌కు ఏమవుతారు అన్నవి రాయాలి. కాల్ రాగానే ఆ నంబరుతో ఉన్న అందరి పేర్లూ, వయసులూ, తర్వాతి అపాయింట్‌మెంట్లూ కనిపించాలి. "ఎవరి గురించండీ?" అని అడిగి రిసెప్షనిస్టే ఎంచుకోవాలి. దగ్గర్లో అపాయింట్‌మెంట్ ఉన్నవాళ్లను పైన చూపిస్తే వెతుకులాట తగ్గుతుంది. వాడకం ఆగిన మొబైల్ నంబరు 90 రోజుల తర్వాత ఇంకొకరికి వెళ్లొచ్చు. అందుకే పేషెంట్ వచ్చిన ప్రతిసారీ "ఇదే నంబరాండీ?" అని అడగడం తప్పనిసరి.

అపోహ: వచ్చిన నంబరును ఫైల్లోని నంబరుతో ఉన్నదున్నట్టు పోలిస్తే చాలు.

వాస్తవం: ఒకే మొబైల్ ఒకసారి సున్నాతో, ఒకసారి +91తో, ఇంకోసారి వట్టి 10 అంకెలుగా వస్తుంది. గుర్తులూ ఖాళీలూ తీసేసి చివరి 10 అంకెలు తీసుకోండి. ల్యాండ్‌లైన్‌కూ అదే లెక్క: సున్నా వదిలేస్తే హైదరాబాద్‌కు 40తో పాటు 8 అంకెలు, విజయవాడకు 866తో పాటు 7 అంకెలు. ఊళ్లోని కాల్ ఎస్టీడీ కోడ్ లేకుండా వస్తే ముందు మీ కోడ్ చేర్చాలి. విదేశీ నంబర్లకు ఈ పద్ధతి పనికిరాదు. దుబాయ్ మొబైల్‌కు దేశం కోడ్ తీసేస్తే మిగిలేవి 9 అంకెలే. విదేశీ నంబర్లను దేశం కోడ్‌తో సహా పూర్తిగా దాచాలి. శుభ్రం చేసిన నంబరుకు విడి కాలమ్, దానిమీద ఇండెక్స్ (త్వరగా వెతకడానికి పనికొచ్చే సూచిక) పెట్టండి. ఫోన్ మోగుతుండగా టేబుల్ మొత్తాన్ని శుభ్రం చేస్తూ వెతికితే ఆలస్యం అవుతుంది.

పాత జాబితా ఎక్సెల్ నుంచి వస్తుంటే మరీ జాగ్రత్త. 91తో మొదలయ్యే 12 అంకెల నంబరును అది కుదించి చూపుతుంది. ఆ కుదించిన రూపంలోనే సీఎస్‌వీగా (కామాలతో విడదీసిన సాదా ఫైలుగా) సేవ్ చేస్తే చివరి అంకెలు పోతాయి, ఆ ఫైలు నుంచి మళ్లీ రావు. నంబర్లు ఎక్కించే ముందే ఆ కాలమ్‌ను టెక్స్ట్‌గా పెట్టాలి.

అపోహ: నంబరు రాలేదంటే పరికరం పాడైంది.

వాస్తవం: ముందు లైన్‌పై కాలర్ ఐడీ సేవ ఆన్ అయి ఉందో లేదో చూడండి. నంబరును కొన్ని ఎక్స్ఛేంజీలు మొదటి రింగుకు ముందే డీటీఎంఎఫ్‌లో (బటన్లు నొక్కినప్పుడు వచ్చే టోన్లుగా) పంపుతాయి, కొన్ని మొదటి రెండు రింగుల మధ్య ఎఫ్ఎస్‌కేలో (మోడెమ్ లాంటి సంకేతంగా) పంపుతాయి. పరికరం రెండింటినీ చదవగలగాలి. ఎఫ్ఎస్‌కే లైన్లో మొదటి రింగుకే ఫోన్ ఎత్తేస్తే నంబరు రాదు. ఈపీఏబీఎక్స్ (క్లినిక్‌లోని ఫోన్లన్నిటినీ కలిపే లోపలి ఎక్స్ఛేంజీ) ఉంటే పరికరాన్ని దానికి ముందు, బయటి లైన్ మీదే కలపాలి.

అపోహ: తెలిసిన నంబరే కాబట్టి చికిత్స వివరాలు చెప్పేయొచ్చు.

వాస్తవం: కాలర్ ఐడీలో వేరేవాళ్ల నంబరు కనిపించేలా చేయడం సాధ్యమే. పుట్టిన తేదీ అడిగాకే చెప్పండి.

అపోహ: కాల్ రాగానే ఫైల్ దానంతటదే తెరుచుకోవాలి.

వాస్తవం: రిసెప్షనిస్టు బిల్లు కొడుతుండగా స్క్రీన్ మీద కొత్త విండో తెరుచుకుని కర్సర్‌ను లాక్కుంటే, నొక్కబోయిన ఎంటర్ వేరే పేషెంట్ ఫైల్లో పడుతుంది. స్క్రీన్ మూలన చిన్న పెట్టెలో పేర్లు మాత్రమే చూపించి, క్లిక్ చేస్తేనే ఫైల్ తెరుచుకునేలా పెట్టండి.