సిప్ ఉంటే చాలదు: ఇంటర్నెట్ ఫోన్ల మీద కొన్ని అపోహలు, వాస్తవాలు

ఐపీ ఫోన్లు, పీబీఎక్స్‌లు (ఆఫీసు ఫోన్ ఎక్స్ఛేంజీలు), ఆపరేటర్ల సిప్ ట్రంకులు (ఆపరేటర్ సిప్ మీద ఇచ్చే ఫోన్ లైన్లు) ఒకదానికొకటి కలపడమే నా పని. సిప్ అంటే ఇంటర్నెట్ ఫోన్లలో కాల్ మొదలుపెట్టి, నడిపి, ముగించే మెసేజ్‌ల పద్ధతి. కస్టమర్లు, అమ్మేవాళ్లు, ఒక్కోసారి తోటి ఇంజినీర్లు కూడా గట్టి నమ్మకంతో చెప్పే మాటలు కొన్ని ఉన్నాయి. వాటి సంగతి చూద్దాం.

అపోహ: రెండు వైపులా సిప్ ఉంది కదా, ఇక కలపడానికేముంది?

వాస్తవం: చాలా ఉంది. సిప్‌కి మూలమైన ప్రమాణ పత్రం ఆర్‌ఎఫ్‌సీ 3261 వచ్చింది 2002లో, అదొక్కటే 250 పేజీలు దాటుతుంది, దాని మీద ఇంకా పదుల కొద్దీ అనుబంధాలు. అందులో ఏది తప్పనిసరి, ఏది మన ఇష్టం అన్నది ఒక్కో కంపెనీ ఒక్కోలా చదువుకుంది. కాల్ చేసినవాళ్ల నంబరే తీసుకోండి. సిప్ మెసేజ్ పైన హెడర్లు అని వివరాల వరసలుంటాయి, ఆ నంబరు ఫ్రమ్ హెడర్‌లో ఉండాలా, పీ-అసర్టెడ్-ఐడెంటిటీలోనా, పాత పరికరాల్లో ఇంకా కనిపించే రిమోట్-పార్టీ-ఐడీలోనా? ప్లస్ 91తో మొదలవ్వాలా, సున్నాతోనా, ఉత్త పది అంకెలా? ఇవన్నీ వాడుకలో ఉన్నవే, కానీ మీ ఆపరేటర్ వీటిలో ఒక పద్ధతినే ఒప్పుకుని మిగతావాటికి 403 (కుదరదు అనే జవాబు) కొట్టి పంపిస్తాడు. ఈ గొడవ తగ్గించడానికే సిప్ ఫోరమ్ వాళ్లు సిప్‌కనెక్ట్ అని, పీబీఎక్స్‌కీ ఆపరేటర్‌కీ మధ్య ఏమేం వాడాలో ఒక పత్రం రాశారు. మంచి పనే, కానీ ట్రంక్ ఆర్డర్ పెట్టేటప్పుడు రేటు తప్ప ఇంకేదీ అడగని వాళ్లే ఎక్కువ.

అపోహ: కాల్ కలిసింది, రెండు వైపులా మాట వినిపించింది, అంటే సెట్టింగులన్నీ కరెక్టే.

వాస్తవం: 32 సెకన్లు ఆగి చూడండి. ఫోన్ మోగుతుంది, ఎత్తుతారు, హలో అంటే హలో వినిపిస్తుంది, సరిగ్గా అర నిమిషం దాటాక టక్కున కట్టవుతుంది. కస్టమర్ నెట్ స్లోగా ఉందనుకుంటాడు, ఇంకో లైన్ వేయించుకుంటాడు, అయినా అదే వరస. జరిగేది ఏంటంటే, రౌటర్ వెనకున్న మీ పీబీఎక్స్ కాల్ ఎత్తగానే 200 ఓకే (ఎత్తాం అనే జవాబు) పంపుతూ కాంటాక్ట్ హెడర్‌లో తన అడ్రస్ 192.168.1.50 అని, ఆఫీసు బయట పనిచేయని లోపలి అడ్రస్ రాసి పంపుతుంది. ఆపరేటర్ ‘అందింది’ అని చెప్పే ఆక్ మెసేజ్‌ని పాపం ఆ అడ్రస్‌కే పంపుతాడు, అది ఎక్కడికీ చేరదు. పీబీఎక్స్ అర సెకను ఆగి మళ్లీ 200 ఓకే పంపుతుంది, తర్వాత ఒక సెకను, రెండు, నాలుగు, ఆ పైన ప్రతి నాలుగు సెకన్లకీ. 32 సెకన్లయినా ఆక్ రాకపోతే బై చెప్పి కాల్ ముగించేస్తుంది. మాట వెళ్లే దారి వేరు, కాల్ నడిపే మెసేజ్‌ల దారి వేరు కాబట్టి అప్పటిదాకా మాట మాత్రం సుబ్బరంగా వినిపిస్తూనే ఉంటుంది. చేయాల్సింది: పీబీఎక్స్‌లో బయటి అడ్రస్ సరిగ్గా ఇవ్వడం, రౌటర్‌లో సిప్ ఏఎల్‌జీ (సిప్ మెసేజ్‌ల్లోని అడ్రస్‌లు దిద్దే సౌకర్యం) ఆపేయడం. ఈ ఏఎల్‌జీ సాయం చేస్తానని వచ్చి సగం హెడర్లు మార్చి సగం వదిలేసే రకం, నేనైతే కనిపించగానే ఆపేస్తాను.

అందుకే కాల్ కట్టవుతోంది అంటే నేను మొదట అడిగేది ‘ఎంతసేపటికి?’ అనే. 32 సెకన్లయితే ఆక్. కచ్చితంగా పదిహేను నిమిషాలకో, అరగంట దగ్గర్లోనో అయితే సెషన్ టైమర్‌ని (కాల్ ఇంకా ఉందా అని మధ్యలో చూసే ఏర్పాటుని) అనుమానించాలి, ఎందుకంటే మామూలుగా దాని గడువు 1800 సెకన్లు, సగంలో ఒకసారి రిఫ్రెష్ వెళ్తుంది, అవతలివాడు దానికి సరిగ్గా జవాబివ్వకపోతే కథ కంచికే.

అపోహ: కోడెక్‌లు (మాటని డేటాగా మార్చే పద్ధతులు) ఎన్ని ఎక్కువ పెడితే అంత మంచిది.

వాస్తవం: వాటి జాబితా మోసుకెళ్లే ఇన్వైట్ (కాల్ మొదలుపెట్టే మెసేజ్) సైజు పెరుగుతుంది. 1300 బైట్లు దాటితే టీసీపీకి (పెద్ద మెసేజ్‌ల్నీ నమ్మకంగా చేర్చే రవాణా పద్ధతికి) మారమని ప్రమాణమే చెబుతుంది, చాలా పరికరాలు పట్టించుకోకుండా తేలికైన యూడీపీ పద్ధతిలోనే పంపేస్తాయి, ప్యాకెట్ ముక్కలవుతుంది, ఆ ముక్కల్ని ఏదో ఫైర్‌వాల్ పడేస్తుంది. ‘ఆ ఒక్క ఫోన్ నుంచే కాల్ వెళ్లదు సార్’ అంటే చాలాసార్లు ఇదే. అవసరమైన రెండు మూడు ఉంచి మిగతావి తీసేయండి. మన దగ్గర జీ.711 కోడెక్‌లో ఏ-లా రకం, అమెరికాలో మ్యూ-లా రకం. హైదరాబాద్‌లో కూర్చుని అమెరికా ట్రంక్ మీద కాల్స్ తీసుకునే ఆఫీసులు ఈ ఒక్కటి మర్చిపోయి 488 (ఈ కోడెక్ కుదరదు అనే జవాబు) చూసి తల పట్టుకుంటాయి.

అపోహ: మాట స్పష్టంగా ఉంది కాబట్టి అంకెలు నొక్కినా వెళ్తాయి.

వాస్తవం: ‘తెలుగు కోసం 1 నొక్కండి’ దగ్గర ఆగిపోయిన కాల్స్‌ని అడగండి. నొక్కిన అంకెని టోన్‌గా మాటలోనే కలిపి పంపొచ్చు, టెలిఫోన్-ఈవెంట్ అనే విడి ప్యాకెట్లుగా పంపొచ్చు, సిప్ ఇన్ఫో మెసేజ్‌లోనూ పంపొచ్చు. జీ.729 లాంటి కోడెక్ మనిషి గొంతు కోసం తయారైంది, టోన్‌ని పాడుచేస్తుంది. పోనీ అని టోన్, ఈవెంట్ రెండూ వెళ్లేలా పెడితే ఒక్కసారి నొక్కిన అంకె రెండుసార్లు పడుతుంది, ఖాతా నంబరు కొట్టి చూస్తే తెలుస్తుంది ఆ టెన్షన్. రెండు వైపులా ఈవెంట్ పద్ధతే పెట్టండి, టోన్ ఆపేయండి.

అపోహ: రెండు పరికరాల్లోనూ ఎస్‌ఆర్‌టీపీ (మాటకి తాళం వేసి పంపే పద్ధతి) ఉంది కాబట్టి భద్రంగా కలుస్తాయి.

వాస్తవం: తాళం ఒకటే, తాళంచెవి ఇచ్చుకునే పద్ధతులు రెండు. చాలా ఐపీ ఫోన్లు ఎస్‌డీఈఎస్ వాడతాయి, బ్రౌజర్‌లోంచే కాల్ చేయించే వెబ్‌ఆర్‌టీసీ డీటీఎల్‌ఎస్ తప్ప ఇంకోటి ఒప్పుకోదు. మధ్యలో ఒకదాన్ని ఇంకోదానికి మార్చే గేట్‌వే పెట్టక తప్పదు.

అపోహ: వాట్సాప్ కాల్ కూడా ఇంటర్నెట్ ఫోనేగా, ఆఫీసు ఎక్స్‌టెన్షన్‌కి కలిపేయొచ్చు.

వాస్తవం: మామూలు ఖాతాకి కుదరదు, అక్కడ అడ్డు టెక్నాలజీ కాదు, తలుపు తీసే ఉద్దేశం లేకపోవడం. వ్యాపారాలకి మాత్రం వాట్సాప్ యజమాని మెటా కాలింగ్ ఏపీఐ (తమ సాఫ్ట్‌వేర్‌ని కలుపుకునే దారి) ఇచ్చింది, అదీ వాళ్ల షరతుల మీదే. ఐరోపాలో డిజిటల్ మార్కెట్స్ చట్టం పెద్ద మెసేజింగ్ కంపెనీల్ని బయటివాళ్లతో కలవమంటోంది, అయినా వాయిస్ కాల్స్‌కి నాలుగేళ్ల గడువిచ్చింది.

అపోహ: ఒక టెస్ట్ కాల్ చేసి చూశాం, ఓకే.

వాస్తవం: ఎత్తిన కాల్ ఒక్కటే చూస్తే ఏం తెలుస్తుంది? అరగంట పైన సాగే కాల్ చేయండి, హోల్డ్‌లో పెట్టి తీయండి, బయటి నంబరుకి ట్రాన్స్‌ఫర్ చేయండి, ఏదైనా ఐవీఆర్‌లో (‘1 నొక్కండి’ అనే రికార్డు గొంతు దగ్గర) పది అంకెలు కొట్టండి. చివరగా స్విచ్ఛాఫ్ చేసిన మొబైల్‌కి చేయండి. ‘స్విచ్ఛాఫ్’ అనే ఆపరేటర్ ప్రకటన 183తో (కాల్ ఇంకా కలుస్తోంది అనే మెసేజ్‌తో) పాటు వస్తుంది, కొన్ని ఫోన్లు దాన్ని వదిలేసి సొంతంగా రింగ్ వినిపిస్తూ కూర్చుంటాయి. మీ ఫోన్ అలాంటిదైతే, అవతల ఎవరూ ఎత్తట్లేదని మీ స్టాఫ్ రోజంతా స్విచ్ఛాఫ్ నంబర్లకి కొడుతూనే ఉంటారు.