అసిస్టెంట్ కోచ్ జీతం 16 వేల డాలర్లు దాటకూడదన్నారు: ఆ నిబంధన వెనకాల కథ

అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్‌లో ఇప్పుడు ఎక్కడ విన్నా డబ్బు మాటే. 2025 జూన్‌లో ఫెడరల్ జడ్జి క్లాడియా విల్కెన్ ‘హౌస్’ కేసు (ఆటగాళ్లు వేసిన కేసు) రాజీకి ఆమోదం తెలిపాక కాలేజీలు తమ ఆటగాళ్లకు నేరుగా ఆదాయంలో వాటా ఇవ్వడం మొదలైంది. 2025-26లో ఒక్కో కాలేజీ అన్ని ఆటలకూ కలిపి సుమారు 2 కోట్ల 5 లక్షల డాలర్ల దాకా ఇవ్వొచ్చు. స్కాలర్‌షిప్ తప్ప చేతికి పైసా ఇవ్వకుండా ఇన్నేళ్లు ఆడించుకున్నారు కాబట్టి ఇది న్యాయమే, అందులో నాకు రెండో మాట లేదు. కానీ ఇంత సొమ్ము ఎక్కడో ఒక చోట సర్దాలి కదా. కాలేజీలు ‘ఖర్చు తగ్గించుకుందాం’ అనుకుంటే కోత ఎవరి మీద పడుతుందో తెలియాలంటే 1991లో ఏం జరిగిందో చూడాలి. అప్పుడు అది బెంచీ మీద చివరి కుర్చీలో కూర్చునే అసిస్టెంట్ కోచ్ మీద పడింది. ఆ కథ మన వాళ్లలో, జాతీయ టోర్నమెంట్ జరిగే మార్చి నెలంతా టీవీకి అతుక్కుపోయే అమెరికా తెలుగు కుటుంబాల్లో కూడా, చాలామందికి తెలియదు. అందుకే ఇదంతా రాస్తున్నాను.

ముందు ఈ అసిస్టెంట్ కోచ్ ఏం చేస్తాడో చూద్దాం. టీవీలో మనకు కనిపించేది గీత పక్కన నిలబడి అరిచే హెడ్ కోచ్ ఒక్కడే. అసిస్టెంట్లు మామూలుగా వచ్చే మ్యాచ్‌లను పంచుకుంటారు. ‘ఈ మ్యాచ్ స్కౌట్ నాది’ అన్నాడంటే ప్రత్యర్థి ఆడిన ఆటలన్నీ వీడియోలో చూసి, వాళ్లు ఏ సైగకి ఏ ఎత్తు వేస్తారో, ఎవరు ఎడమ వైపుకే డ్రిబుల్ చేస్తారో, చివరి ఐదు సెకన్లలో బంతి ఎవరి చేతికి వెళ్తుందో రాసిపెట్టి, ప్రాక్టీసులో ఆ జట్టు లాగే మన రిజర్వ్ ఆటగాళ్ల చేత ఆడించి చూపించడమంతా అతని పనే. మ్యాచ్ రోజు ప్రత్యర్థి జట్టు ఆటను నడిపించే పాయింట్ గార్డ్ పిడికిలి పైకెత్తగానే బెంచీ మీంచి ఆ ఎత్తు పేరు అరిచేది అతనే. ఆ అరుపు అర సెకను ముందు వినపడితే డిఫెండర్ స్క్రీన్‌లో, అంటే దారికి అడ్డంగా నిలబడే ప్రత్యర్థి ఆటగాడి వెనక, ఇరుక్కోకుండా తప్పుకుంటాడు. తర్వాత ఆ డిఫెన్స్‌ని అందరూ మెచ్చుకుంటారు, కానీ అసిస్టెంట్ పేరు ఎక్కడా రాదు. ఇది సగం పనే. మిగతా సగం రిక్రూటింగ్. పదహారేళ్ల కుర్రాడి వెంట ఊళ్లు తిరగడం, వాళ్ల అమ్మతో, నానమ్మతో, స్కూల్ కోచ్‌తో ఏళ్ల తరబడి మాట కలుపుతూ ఉండటం, చివరికి ఆ పిల్లాడు వేరే కాలేజీకి సంతకం పెడితే మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టడం.

ఈ దారిలో మొదటి మెట్టు గ్రాడ్యుయేట్ అసిస్టెంట్. అమెరికాలో ఎమ్మెస్ చేసిన మన పిల్లలకు టీఏ, ఆర్‌ఏ అంటే ఏమిటో చెప్పక్కర్లేదు, ఇదీ ఆ కోవలోదే: ట్యూషన్ ఫీజు మాఫీ, పైన కొద్దిపాటి స్టైపెండ్, దానికి బదులు చాకిరీ. 1974లో టెనసీ యూనివర్సిటీలో గ్రాడ్యుయేట్ అసిస్టెంట్‌గా చేరబోతున్న ప్యాట్ సమ్మిట్‌కి, హెడ్ కోచ్ సెలవు మీద వెళ్లిపోవడంతో, 22 ఏళ్లకే మహిళల జట్టు మొత్తం అప్పగించారు. నెలకు 250 డాలర్లు. జట్టు వ్యాన్ తనే నడిపింది, యూనిఫాంలు తనే ఉతికింది. తర్వాత ఎనిమిది జాతీయ టైటిళ్లు గెలిచింది. టామ్ ఇజ్జో 1983లో మిషిగన్ స్టేట్‌లో హెడ్ కోచ్ జడ్ హీత్‌కోట్ దగ్గర పార్ట్‌టైమ్ అసిస్టెంట్‌గా చేరినప్పుడు ఏడాది జీతం 7,500 డాలర్లు. 1986లో పూర్తికాలపు ఉద్యోగం కోసం టల్సాకి వెళ్లాడు, అంతలోనే మిషిగన్ స్టేట్‌లో ఖాళీ రావడంతో కొద్ది వారాలకే తిరిగొచ్చాడు. అదే బెంచీ మీద ఇంకో తొమ్మిదేళ్లు కూర్చున్నాక, 1995లో గానీ హెడ్ కోచ్ కాలేదు. 2000లో జాతీయ చాంపియన్.

ఇలాంటి కథలు వినగానే ‘చూశారా, కష్టపడితే ఫలితం ఉంటుంది’ అనే వాళ్లుంటారు. నాకు ఆ మాట నచ్చదు. పైకి వచ్చిన వాళ్లనే మనం లెక్కపెడుతున్నాం. 7,500 డాలర్ల దగ్గరే ఆగిపోయి, పెళ్లాం పిల్లల్ని పోషించలేక స్కూల్ టీచర్ ఉద్యోగానికో, ఇన్సూరెన్స్ అమ్ముకోవడానికో వెళ్లిపోయిన వాళ్ల పేర్లు ఎవరూ రాయరు.

ఇక అసలు విషయం. 1980ల్లో కాలేజీ క్రీడా శాఖలు నష్టాల్లో ఉన్నామని గోల పెట్టాయి. 1985 సర్వేలో డివిజన్ వన్ (కాలేజీ క్రీడల్లో పై స్థాయి) కాలేజీల్లో 42 శాతం తమ మొత్తం క్రీడా బడ్జెట్‌లో లోటు చూపించాయి, సగటున ఒక్కో కాలేజీకి 8 లక్షల 24 వేల డాలర్లు. అప్పటికి బాస్కెట్‌బాల్‌లో హెడ్ కోచ్, ఇద్దరు పూర్తికాలపు అసిస్టెంట్లు, ఇద్దరు పార్ట్‌టైమ్ వాళ్లు ఉండటానికి అనుమతి ఉండేది. పార్ట్‌టైమ్ వాళ్ల జీతం మీద అప్పటికే పరిమితి ఉంది గానీ కాలేజీలు దానికి దొడ్డిదారి కనిపెట్టాయి. వేసవి శిబిరాల్లో పని ఇచ్చో, వ్యాయామ విద్య విభాగంలో ఇంకో ఉద్యోగం చూపించో డబ్బు సర్దేవి. అలా 60, 70 వేల డాలర్లు సంపాదించిన పార్ట్‌టైమ్ అసిస్టెంట్లు కూడా ఉన్నారు, వాళ్లు నిన్నగాక మొన్న డిగ్రీ పట్టా పుచ్చుకున్న కుర్రాళ్లు కాదు, అనుభవం పండిన కోచ్‌లు.

కాలేజీ క్రీడల సంఘం ఎన్‌సీఏఏ 1989లో ఖర్చు తగ్గింపు కమిటీ ఒకటి వేసింది. ఆ కమిటీ సిఫార్సు మీద 1991 జనవరిలో సభ్య కాలేజీలు ఓటేసి, ఇకనుంచి జట్టుకి నలుగురే కోచ్‌లని, ఆ నాలుగో మనిషి ‘పరిమిత ఆదాయపు కోచ్’ అని తీర్మానించాయి. అతనికి చదువుల కాలంలో 12,000 డాలర్లు, వేసవిలో 4,000, మొత్తం 16,000 మించి ఇవ్వకూడదు. 1992 ఆగస్టు 1 నుంచి అమలు. ఈసారి దొడ్డిదారి కూడా మూసేశారు. శిబిరంలో పని చేసినా, ఇంకేం చేసినా ఆ లెక్కలోకే వస్తుంది.

ఒక్క విషయం గమనించండి. హెడ్ కోచ్ జీతానికి పరిమితి పెట్టలేదు. మొదటి ఇద్దరు అసిస్టెంట్లకీ పెట్టలేదు. లక్షల డాలర్ల లోటు ఉందని చెప్పి, మొత్తం బెంచీ మీద అందరికంటే తక్కువ తీసుకునే వాడి జీతం మీద కత్తి పెట్టారు. అదీ ఏ కాలేజీకా కాలేజీ వేరుగా చేసిన పని కాదు, దేశంలో ఉన్న డివిజన్ వన్ కాలేజీలన్నీ ఒక గదిలో కూర్చుని ఒకే రేటు రాసుకున్నాయి. మిల్లర్లంతా సిండికేట్ అయి రైతు ధాన్యానికి ఇంతకంటే ఎక్కువ ఇవ్వం అని తీర్మానించుకున్నట్టే. రైతు ఏ మిల్లుకి తోలుకెళ్లినా అదే ధర, ఇక్కడ కోచ్ ఏ రాష్ట్రానికి వెళ్లినా అదే 16 వేలు.

నార్మన్ లా, ఆండ్రూ గ్రియర్, పీటర్ హెర్మన్, మైకేల్ జార్విస్ జూనియర్ సహా ఐదుగురు 1992-93లో ఆ నాలుగో కుర్చీలో పని చేసిన వాళ్లు. వీళ్లు కాన్సస్ ఫెడరల్ కోర్టులో షెర్మన్ చట్టం కింద, అంటే పోటీదారులు కుమ్మక్కై వ్యాపారాన్ని అడ్డుకోకూడదనే 1890 నాటి చట్టం కింద కేసు వేశారు. ఎన్‌సీఏఏ ప్రధాన కార్యాలయం అప్పట్లో కాన్సస్‌లోనే ఉండేది. అంటే సంఘం సొంత గడ్డ మీదే నిలదీశారు. వాళ్ల ధైర్యాన్ని తక్కువ అంచనా వేయొద్దు. కాలేజీ కోచింగ్ ఉద్యోగాలన్నీ పరిచయాల మీద, ఫోన్ కాల్స్ మీద నడుస్తాయి. తనకు రేపు ఉద్యోగం ఇవ్వాల్సిన కాలేజీలన్నీ సభ్యులుగా ఉన్న సంఘం మీద కేసు వేయడమంటే ఏమిటో ఉద్యోగం చేసే ఎవరికైనా అర్థమవుతుంది.

1995లో జడ్జి క్యాథరిన్ వ్రాటిల్ విచారణ దాకా వెళ్లకుండానే ఇది చట్టవిరుద్ధమని తేల్చేశారు. తర్వాత నిబంధన అమలును శాశ్వతంగా ఆపేశారు. 1998 జనవరిలో పదో సర్క్యూట్ అప్పీల్ కోర్టు ఆ తీర్పును సమర్థించింది. ఎన్‌సీఏఏ మూడు వాదనలు తెచ్చింది. ఇది కొత్తగా వచ్చే వాళ్ల కోసం కేటాయించిన ఉద్యోగం అన్నది ఒకటి. కోర్టు అడిగింది ఏమిటంటే, అనుభవం ఉన్న వాళ్లను తీసుకోకూడదని మీ నిబంధనలో ఎక్కడుంది? ఎక్కడా లేదు. జీతం మాత్రమే కొత్తవాడిది, మనిషి ఎవరైనా కావచ్చు. రెండోది ఖర్చు తగ్గుతుందన్న వాదన. పోటీదారులు కలిసి ధర కట్టేస్తే ఖర్చు తగ్గకుండా ఎలా ఉంటుంది, అదే సమర్థన అయితే ఏ కుమ్మక్కునైనా ఒప్పుకోవాల్సి వస్తుందని కోర్టు కొట్టేసింది. మూడోది పెద్ద కాలేజీలు, చిన్న కాలేజీల మధ్య సమతూకం. ఆ మిగిలిన డబ్బుతో పెద్ద కాలేజీ హెడ్ కోచ్‌కి ఇంకాస్త ఇచ్చుకోవచ్చు కదా, సమతూకం ఎక్కడొచ్చింది? దానికీ రుజువు లేదు.

1998 మేలో జ్యూరీ, వేరే ఆటల కోచ్‌ల కేసులు కూడా కలిపి, దాదాపు 2 కోట్ల 23 లక్షల డాలర్ల నష్టం తేల్చింది. ఈ చట్టంలో నష్టపరిహారం మూడు రెట్లు కట్టాలి కాబట్టి అది సుమారు 6 కోట్ల 70 లక్షలకు చేరింది. చివరికి 1999లో 5 కోట్ల 45 లక్షల డాలర్లకు రాజీ కుదిరింది. ఏడాదికి మనిషికి కొద్ది వేల డాలర్లు మిగుల్చుకుందామనుకున్న వాళ్లకు పడిన బిల్లు అది.

ఆ నాలుగో కుర్చీ తర్వాత మామూలు మూడో అసిస్టెంట్ ఉద్యోగం అయింది. ఇప్పుడు పెద్ద కాన్ఫరెన్సుల్లో, అంటే కాలేజీ జట్ల కూటముల్లో, అసిస్టెంట్లు లక్షల్లో తీసుకుంటున్నారు. చిన్న కాలేజీల్లో పరిస్థితి వేరు, అక్కడ జీతం ఇప్పటికీ బొటాబొటీగానే ఉంటుంది. జీతానికి తాళం పోయింది గానీ ఉద్యోగ భద్రత మాత్రం రాలేదు. హెడ్ కోచ్‌ని తీసేస్తే అసిస్టెంట్ కూడా సామాను సర్దుకోవాల్సిందే, కొత్తగా వచ్చే కోచ్ తన మనుషుల్ని తెచ్చుకుంటాడు. అదృష్టం ఉంటే కథ తారుమారవుతుంది. 1989లో టోర్నమెంట్ మొదలయ్యే ముందు మిషిగన్ హెడ్ కోచ్ బిల్ ఫ్రీడర్ అరిజోనా స్టేట్‌కి ఒప్పుకోవడంతో, యూనివర్సిటీ ఆయన్ని అప్పటికప్పుడు పంపేసి అసిస్టెంట్ స్టీవ్ ఫిషర్‌కి జట్టునిచ్చింది. వరసగా ఆరు మ్యాచ్‌లు గెలిచారు, ఫైనల్లో సీటన్ హాల్ మీద ఓవర్‌టైమ్‌లో 80-79. హెడ్ కోచ్‌గా అంతకుముందు ఒక్క కాలేజీ మ్యాచ్ కూడా నడపని మనిషి జాతీయ చాంపియన్ అయ్యాడు.

అందరూ హెడ్ కోచ్ కావాలనే అనుకుంటారని కూడా కాదు. బిల్ గత్‌రిజ్ నార్త్ కరోలైనాలో హెడ్ కోచ్ డీన్ స్మిత్ పక్కన 30 ఏళ్లు కూర్చున్నాడు. 1978లో పెన్ స్టేట్ హెడ్ కోచ్ ఉద్యోగానికి ఒప్పుకుని కూడా, దారిలో ఎయిర్‌పోర్టు నుంచే మనసు మార్చుకుని వెనక్కి వచ్చేశాడు. 1997లో స్మిత్ రిటైరయ్యాక జట్టు తీసుకుని మూడేళ్లలో రెండుసార్లు ఫైనల్ ఫోర్‌కి (సెమీఫైనల్స్‌కి) చేర్చి తనూ తప్పుకున్నాడు. యూకాన్‌లో (కనెక్టికట్ యూనివర్సిటీలో) క్రిస్ డెయిలీ 1985 నుంచీ మహిళల జట్టు హెడ్ కోచ్ జీనో ఆరియెమ్మాతోనే ఉంది, 12 జాతీయ టైటిళ్లలోనూ ఆమె పాత్ర ఉంది. ఇది ఒక పూర్తి వృత్తి, పైమెట్టుకి వెళ్లే దారిలో మజిలీ మాత్రమే కాదు. 1991లో ఓటేసిన వాళ్లు మర్చిపోయింది ఈ సంగతే.

బరువు మాత్రం కిందకే దిగుతుంది. 2017 సెప్టెంబర్ 26న ఎఫ్‌బీఐ నలుగురు అసిస్టెంట్లను అరెస్టు చేసింది: ఆబర్న్‌లో చక్ పర్సన్, ఓక్లహోమా స్టేట్‌లో లామాంట్ ఎవాన్స్, అరిజోనాలో బుక్ రిచర్డ్‌సన్, యూఎస్‌సీలో టోనీ బ్లాండ్. ఆటగాళ్లను ఫలానా ఏజెంట్ల వైపు, సలహాదారుల వైపు తిప్పడానికి లంచం తీసుకున్నారని ఆరోపణ. నలుగురూ తప్పు ఒప్పుకున్నారు, ఎవాన్స్, రిచర్డ్‌సన్ మూడేసి నెలలు జైలుకెళ్లారు. లంచం లంచమే, దాన్ని వెనకేసుకు రావడం లేదు. కానీ రిక్రూటింగ్‌లో గెలిస్తే బోనస్ అందుకునే హెడ్ కోచ్‌లలో ఒక్కరి మీద కూడా క్రిమినల్ కేసు పడలేదు. కుర్రాళ్ల ఇళ్లకు వెళ్లేది అసిస్టెంట్లు, దొరికిందీ వాళ్లే.

2018లో ట్రాన్స్‌ఫర్ పోర్టల్ (కాలేజీ మారాలనుకునే ఆటగాళ్లు పేరు నమోదు చేసుకునే ఏర్పాటు) వచ్చాక పని ఇంకా పెరిగింది. కొత్త కుర్రాళ్లను తెచ్చుకోవడం ఒక్కటే కాదు, ఉన్నవాళ్లు ఏటా వెళ్లిపోకుండా చూసుకోవాలి. 2023 జూలై 1 నుంచి ఎన్‌సీఏఏ అసిస్టెంట్ల సంఖ్యను ఐదుకి పెంచింది, అదనంగా వచ్చిన ఇద్దరూ శిక్షణ ఇవ్వొచ్చు గానీ బయటికి రిక్రూటింగ్‌కి వెళ్లకూడదని షరతు పెట్టి. సంఖ్య మీద పరిమితి పెట్టారు, జీతం జోలికి మాత్రం పోలేదు. 1998 తీర్పు చూశాక మళ్లీ ఆ సాహసం చేయలేదు.

ఇప్పుడు ఆటగాళ్ల వాటాకి పరిమితి ఎలా పెట్టారని ఎవరైనా అడగొచ్చు. అది ఆటగాళ్ల తరఫు లాయర్లు సంతకం పెట్టి, కోర్టు ఆమోదించిన రాజీలో భాగం. అసిస్టెంట్ కోచ్‌లు ఆ రాజీలో లేరు. ఒక కాలేజీ తన బడ్జెట్ చూసుకుని మూడో అసిస్టెంట్ జీతం తగ్గిస్తే అది ఆ కాలేజీ ఇష్టం, ఆ కోచ్ ఇంకో చోట చూసుకుంటాడు. అదే పని కాలేజీలన్నీ కలిసి చేస్తే మాత్రం ఆ ఐదుగురు గెలిచిన తీర్పు ఇప్పటికీ అడ్డం నిలబడే ఉంది.