'ఏ' తరగతి తార ఇంత మసకగా ఎందుకుంది?

జనవరి మధ్యలో రాత్రి తొమ్మిది గంటల ప్రాంతంలో చెన్నైలో దక్షిణ దిక్కుకు తిరిగి తలెత్తి చూస్తే, ఓరియన్ వేటగాడి పాదంగా చెప్పే రైజెల్ తార నీలి ఛాయతో మెరుస్తూ కనిపిస్తుంది. దానికి పడమరగా సుమారు 15 డిగ్రీల దూరంలో, ఎరిడానస్ అనే పొడవాటి నక్షత్ర మండలంలో, కంటికి కష్టం మీద ఆనే చుక్క ఒకటి ఉంది. దాని పేరు 40 ఎరిడానీ. వీధి దీపాల వెలుగు నిండిన నగరంలో దానిని పట్టుకోవడానికి బైనాక్యులర్ కావాలి. నాలుగంగుళాల టెలిస్కోపు తిప్పితే మాత్రం ఆ ఒక్క చుక్క రెండవుతుంది. నారింజ ఛాయ ఉన్న ప్రధాన తారకు 83 ఆర్క్ సెకన్ల (డిగ్రీలో 3,600వ వంతు ఒక ఆర్క్ సెకను) దూరంలో సన్నని తెల్లని చుక్క ఒకటి నిలకడగా వెలుగుతుంటుంది. విలియం హెర్షెల్ 1783లో నమోదు చేసిన ఈ తెల్లని తారనే 40 ఎరిడానీ బి అంటారు. ఇంకాస్త పెద్ద టెలిస్కోపులో దాని పక్కనే 'సి' అనే ఎర్రని తార కూడా కనిపిస్తుంది.

మా పెరంబూరు మేడ మీద ఈ తారను చూసిన తెలుగు పిల్లల్లో ఒకరు, "అంకుల్, ఆ తెల్లది బాగా దూరంగా ఉందేమో, అందుకే మసకగా ఉందా?" అని అడిగారు. అడగవలసిన ప్రశ్న అదే. ఆకాశంలో మసకగా కనిపించే తారల్లో చాలావాటికి ఆ జవాబే సరిపోతుంది కూడా. ఇక్కడ మాత్రం సరిపోదు. ఈ మూడు తారలూ ఒకదానితో ఒకటి గురుత్వాకర్షణతో ముడిపడి, మనకు సుమారు 16 కాంతి సంవత్సరాల దూరంలో కలిసే ప్రయాణిస్తున్నాయి. దూరం ఒకటే అయినప్పుడు, కంటికి కనిపించే తేడా నిజమైన తేడాయే అవుతుంది.

ఆ తేడా ఎంతో చెప్పడానికి ఖగోళ శాస్త్రజ్ఞులు వాడే కొలబద్దతో చెన్నైకి సంబంధం ఉంది. తార వెలుగును చెప్పే అంకెను మాగ్నిట్యూడ్ అంటారు, అంకె పెరిగే కొద్దీ తార మసక. ఐదు మాగ్నిట్యూడ్‌ల తేడా అంటే సరిగ్గా వంద రెట్ల కాంతి భేదమని 1856లో ప్రతిపాదించిన నార్మన్ పాగ్సన్, 1861 నుంచి 1891లో మరణించేదాకా మద్రాసు అబ్జర్వేటరీలో పనిచేశారు. (నుంగంబాక్కంలో ఆ అబ్జర్వేటరీ తాలూకు గ్రానైటు స్తంభం ఇప్పటికీ ఉంది, 1792 నాటి ఆ స్తంభం మీద చెక్కిన భాషల్లో తెలుగు కూడా ఒకటని మన వాళ్ళలో చాలామందికి తెలియదు.) పాగ్సన్ లెక్కలో నారింజ తార మాగ్నిట్యూడ్ 4.4, తెల్లని తారది 9.5. అంటే తెల్లనిది తన జోడీ కన్నా సుమారు వంద రెట్లు మసక. సూర్యుణ్ణి దాని పక్కన పెట్టగలిగితే, సూర్యుడు మన కంటికి దానికన్నా దాదాపు మూడు వందల రెట్లు ఎక్కువ వెలుగుతో కనిపిస్తాడు.

మసకగా ఉండడంలో వింత ఏమీ లేదు. మసకగా ఉండి తెల్లగా ఉండడమే వింత. కాలిన ఇనుము ఎర్రబడి, ఇంకా వేడెక్కితే తెల్లబడినట్టే, తారల రంగు వాటి ఉపరితల ఉష్ణోగ్రతను చెబుతుంది. ఇరవయ్యో శతాబ్ది తొలి దశకంలో దూరం తెలిసిన తారలన్నింటిలో మసక తారలు ఎర్రగానే ఉంటున్నాయని అమెరికన్ శాస్త్రజ్ఞుడు హెన్రీ నోరిస్ రస్సెల్ గమనించారు. ఆయన తరవాత గుర్తు చేసుకున్న ప్రకారం, 1910లో హార్వర్డ్ అబ్జర్వేటరీకి వెళ్ళినప్పుడు, డైరెక్టరు ఎడ్వర్డ్ పికరింగ్‌తో మాటల మధ్యలో 40 ఎరిడానీ బి వర్ణపటం (తార వెలుగును విడదీస్తే వచ్చే రంగుల పట్టీ) ఎలాంటి తరగతిలోకి వస్తుందో తెలుసుకోవాలనుందన్నారు. పికరింగ్ ఫోను చేసి విలియమినా ఫ్లెమింగ్‌ను అడిగారు. ఒకప్పుడు పికరింగ్ ఇంట్లో పనిమనిషిగా చేరి, అప్పటికి వేలాది తారల వర్ణపటాలను పరిశీలించి తరగతులుగా విడదీసిన నిపుణురాలు ఆమె. అరగంటలో జవాబు వచ్చింది: నిస్సందేహంగా 'ఏ' తరగతి.

ఈ జవాబు రస్సెల్‌ను ఎందుకు కలవరపెట్టిందో తెలియాలంటే ఆ అక్షరానికి ఉన్న అర్థం తెలియాలి. తార వెలుగును పట్టకంతో విడదీస్తే వచ్చే రంగుల పట్టీ మీద అక్కడక్కడ నల్లని గీతలు కనిపిస్తాయి. హైడ్రోజన్ గీతలు అన్నిటికన్నా బలంగా ఉన్న తారలకు హార్వర్డ్‌లో 'ఏ' అనే అక్షరం ఇచ్చారు. ఆనీ జంప్ కానన్ ఈ అక్షరాలను ఓ, బీ, ఏ, ఎఫ్, జీ, కే, ఎం అనే వరసలో పేర్చారు. అది వేడి నుంచి చల్లదనానికి దిగే వరస అని, ఆయా గీతలు బలపడడానికీ బలహీనపడడానికీ కారణం అయనీకరణమని (పరమాణువు నుంచి ఎలక్ట్రాన్లు ఊడిపోవడమని) మేఘనాథ్ సాహా 1920లో సూత్రీకరించాక గాని పూర్తిగా బోధపడలేదు. సుమారు 10 వేల డిగ్రీల దగ్గర హైడ్రోజన్ పరమాణువులు ఆ గీతలను అత్యంత బలంగా గీయగల స్థితిలో ఉంటాయి. అంతకన్నా చల్లని చోట వాటి ఎలక్ట్రాన్లు అట్టడుగు స్థాయి దాటవు. మరీ వేడి చోట పరమాణువు నుంచే ఊడిపోతాయి.

ఇప్పుడు లెక్క వేసి చూద్దాం. మామూలు 'ఏ' తరగతి తార 40 ఎరిడానీ బి కన్నా పది వేల రెట్లకు పైగా ఎక్కువ వెలుగునిస్తుంది. రెండింటి ఉపరితలమూ ఒకే వేడిమిలో ఉందనుకుంటే, ప్రతి చదరపు మీటరూ సమానంగానే వెలుగుతుంది కాబట్టి, తేడా అంతా వైశాల్యంలోనే ఉండాలి. పది వేల రెట్లు తక్కువ వైశాల్యం అంటే వ్యాసార్ధం వంద రెట్లు తక్కువ. అలాంటి తార సైజు భూగోళానికి దగ్గరగా వస్తుంది. బి, సి తారలు ఒకదాని చుట్టూ ఒకటి తిరిగే కక్ష్య నుంచి బి ద్రవ్యరాశి కట్టవచ్చు. ఇప్పటి కొలతల్లో అది సూర్యుడిలో సగానికి కొంచెం ఎక్కువ. వ్యాసార్ధం సూర్యుడి వ్యాసార్ధంలో 1.4 శాతం లోపే. ఈ రెండూ కలిపితే, చింతగింజంత ముక్క మూడు వందల కిలోలు తూగే పదార్థం తేలుతుంది. 1910 నాటి భౌతికశాస్త్రంలో అలాంటి పదార్థానికి చోటే లేదు. అయినా రస్సెల్ ఈ తారను పక్కన పెట్టలేదు. తారల వెలుగును వాటి తరగతులతో పోల్చి చూపుతూ 1914లో ప్రచురించిన రేఖాచిత్రంలో, మిగతా తారల గుంపుకు ఎంతో కింద, ఎడమ మూలన, ఒంటరి చుక్కగా దానిని ఉండనిచ్చారు. ఫ్లెమింగ్ జవాబు కన్నా ఈ నిర్ణయమే నాకు ఎక్కువ గొప్పగా తోస్తుంది.

ఆ చుక్క ఎందుకు కుప్పకూలడం లేదన్న ప్రశ్నకు జవాబు 1926లో బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు రాల్ఫ్ ఫౌలర్ ఇచ్చారు. ఇంత గట్టిగా నొక్కుకుపోయిన పదార్థంలో ఎలక్ట్రాన్లు ఒకే స్థితిలో ఇమడలేక, ఎంత చల్లబడినా తగ్గని ఒత్తిడిని కలగజేస్తాయి. 40 ఎరిడానీ బి లాంటి చిన్న, దట్టమైన తెల్లని తారలను శ్వేత కుబ్జ తారలు (వైట్ డ్వార్ఫ్‌లు) అంటారు. ఆ ఒత్తిడే వాటిని నిలబెడుతుంది. మెరీనా ఎదుట ఉన్న ప్రెసిడెన్సీ కాలేజీలో చదువుతున్న సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్, 1928లో మద్రాసు వచ్చిన జర్మన్ భౌతిక శాస్త్రజ్ఞుడు ఆర్నాల్డ్ సొమ్మర్‌ఫెల్డ్‌ను కలిసి, ఎలక్ట్రాన్ల కొత్త గణాంక సిద్ధాంతాన్ని ఆయన నోటనే విన్నారు. రెండేళ్ళ తరవాత ఇంగ్లండు వెళ్ళే ఓడలో, ఆ ఎలక్ట్రాన్ల వేగం కాంతి వేగానికి చేరువైతే ఏమవుతుందో లెక్కించి, శ్వేత కుబ్జ తారల ద్రవ్యరాశికి ఒక పైహద్దు ఉందని కనుగొన్నారు. తరవాత స్థిరపడిన విలువ ప్రకారం ఆ హద్దు సూర్యుడి ద్రవ్యరాశికి సుమారు 1.4 రెట్లు. 40 ఎరిడానీ బి ఆ హద్దుకు చాలా లోపలే ఉంది.

తరగతి విషయానికి తిరిగి వస్తే, ఆ 'ఏ' అక్షరంలో ఇంకో చిక్కు కూడా ఉంది. ఈ తార ఉపరితల ఉష్ణోగ్రత నిజానికి 17 వేల డిగ్రీల దరిదాపుల్లో ఉంది. అంత వేడి గల మామూలు తారలో హీలియం గీతలు కనిపించాలి, దాన్ని 'బీ' తరగతిలో వేయాలి. ఇక్కడ హీలియం జాడ లేదు. కారణం గురుత్వాకర్షణ: భూమి మీద కన్నా 80 వేల రెట్లకు పైగా బలమైన ఆ ఆకర్షణలో బరువైన మూలకాలన్నీ కిందికి దిగిపోగా, పైన పలుచని హైడ్రోజన్ పొర మాత్రమే మిగిలింది. అక్షరం ఉన్నది ఉన్నట్టు చెప్పింది. దాన్నుంచి మనం ఊహించిన వేడిమీ సైజూ రెండూ తప్పాయి. గీతలను దగ్గరగా చూస్తే తేడా కనిపించకపోదు. మామూలు 'ఏ' తార గీతలతో పోలిస్తే ఈ తార గీతలు బాగా వెడల్పుగా, అంచులు అలుక్కుపోయి ఉంటాయి. కిక్కిరిసిన వాతావరణంలో పక్క కణాల విద్యుత్ క్షేత్రాలు ప్రతి పరమాణువు శక్తి స్థాయిలనూ అటూ ఇటూ జరపడమే అందుకు కారణం. పైగా గీతలన్నీ కొద్దిగా ఎరుపు వైపు జరిగి ఉంటాయి. బలమైన ఆకర్షణను దాటి బయటపడే కాంతి శక్తిని కోల్పోతుందన్న ఐన్‌స్టీన్ సిద్ధాంత ఫలితమిది; దీన్ని ఈ తారలో 1954లో డేనియల్ పాపర్ కొలిచారు.

ఇప్పుడు శ్వేత కుబ్జ తారలకు వేరే వర్గీకరణ ఉంది. 1983లో ఎడ్వర్డ్ సయన్, మరికొందరు ప్రతిపాదించిన పద్ధతిలో మొదటి అక్షరం 'డీ' నొక్కుకుపోయిన పదార్థాన్ని సూచిస్తుంది. రెండో అక్షరం వర్ణపటంలో కనిపించేదాన్ని చెబుతుంది. హైడ్రోజన్ గీతలు మాత్రమే ఉంటే 'డీఏ', హీలియం గీతలుంటే 'డీబీ', ఏ గీతలూ లేకపోతే 'డీసీ'. ఉష్ణోగ్రతను అక్షరానికి వదిలిపెట్టక, 50,400ను ఆ ఉష్ణోగ్రతతో భాగించి వచ్చిన అంకెను చివర చేరుస్తారు. ఆ లెక్కన 40 ఎరిడానీ బి తరగతి 'డీఏ 2.9'.